కోడి మెడ సంచి: సరూర్‌నగర్ చెరువు కింది పొలాల నుంచి ఎల్బీనగర్ మిద్దెల దాకా

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, తీరిక చేసుకొని చదవండి. పత్తి గురించి కాదు, వరి గురించి కాదు, కోడి గురించి. అందులోనూ కోడి మెడ కింద కుడివైపు ఉండే మేత సంచి గురించి. డాక్టర్లు దాన్ని క్రాప్ అంటరు. ఇంగ్లీషులో పంటకూ అదే మాట, కోడి మెడ సంచికీ అదే మాట. పూర్వం ఆ మాటకు పక్షి గొంతు సంచి అనీ, మొక్క తల అనీ రెండు అర్థాలూ ఉండేవట. పంట గురించి రాసే పేజీలో దీనికి చోటు ఉండటం న్యాయమే.

ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మన ఊళ్ల నుంచి పోయి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం కాలనీల్లో ఉంటున్న మనోళ్లు కొందరు మిద్దె మీద రెండు మూడు నాటుకోళ్లు పెంచుతున్నరు. పిల్లలు వాటికి పేర్లు పెడతరు. కూర వండుకునే కోళ్లు కావు అవి, ఇంట్లో మనుషుల లెక్క. అందులో ఒకటి మేత మానేసి, మెడ కింద ఉబ్బి, మూలకు కూర్చుందంటే ఫోను ఊరికే వస్తది. "అన్నా, గొంతు దగ్గర బంతి లెక్క అయింది. తలకిందులు చేసి పిండమంటవా? బ్లేడు పెట్టి కోయమంటవా? మా ఇంట్లో ఉన్న గోలీ నూరి పొయ్యమంటవా?"

మూడూ వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పాలె. ఆ సంచి ఉబ్బటం చాలాసార్లు సంచి జబ్బు కాదు. పైనుంచి పోయిన మేతలోనో, కింద ఉన్న కందనకాయలోనో, నరాల్లోనో, ఊరంతా తిరిగే తెగుల్లోనో అసలు కారణం ఉంటది. సంచిని పట్టుకొని పిండితే కారణం పోదు, కోడి పోతది.

ముందు ఆ సంచి ఎందుకుందో చూద్దాం. కోడి అడవి పక్షి. ఎర్ర అడవికోడి దాని మూలం అని డార్విన్ రాశాడు. అది చాలావరకు నిజమే గానీ మొత్తం నిజం కాదని 2008లో తేలింది. మన కోళ్లలో పసుపు కాళ్లు, పసుపు తోలు ఇచ్చే జన్యువు దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని శాస్త్రజ్ఞులు పట్టుకున్నరు. అంటే ప్రపంచంలో ఏ ఫారంలో పసుపు కాళ్ల కోడి కనబడ్డా అందులో మన వైపు అడవి రక్తం ఇంత ఉన్నట్టే. ఆ అడవికోడికి బయట మెదిలినంతసేపూ నక్క భయం, గద్ద భయం. నిలబడి నమిలే తీరిక లేదు, నమలటానికి పండ్లు లేవు. దొరికిన గింజ దొరికినట్టు మింగి సంచిలో వేసుకుంటది. చీకటి పడ్డాక కొమ్మ మీద కూర్చుని నిదానంగా కిందికి దింపుతది. సంచిలో గింజ నానుతది, కందనకాయలో రాళ్లతో నలుగుతది. మనం పొలం నుంచి కండువాలో మూట కట్టుకొచ్చి ఇంటికాడ విప్పుకున్నట్టే.

అందుకే రాత్రి సంచి నిండుగా ఉండాలె, పొద్దున మేత వేయకముందు ఖాళీగా ఉండాలె. కోడి వైద్యంలో సగం ఈ ఒక్క మాటలో ఉంది, ఇది కొత్త మాట కూడా కాదు. రోమ్‌లో కేటో అనే పెద్దమనిషి, మనలాగే వ్యవసాయం గురించి రాసినాయన, ఇప్పటికి రెండువేల సంవత్సరాలకు పైనే అయింది, కోళ్లకు పిండి ముద్దలు మేపేటప్పుడు ఎంత చాలో గొంతు చూసి తెలుసుకొమ్మన్నాడు. తర్వాత కొలుమెల్లా అనే ఇంకొకాయన, గొంతు తడిమి పాత మేత మిగల్లేదని రూఢి చేసుకున్నాకే కొత్త మేత పెట్టమన్నాడు. ఆయనే కోడి నోటి జబ్బుకు గోరువెచ్చని నూనెలో నానిన వెల్లుల్లి పెట్టే పద్ధతి కూడా రాశాడు. మన ముసలమ్మలు చేసేది కూడా ఇంచుమించు అదే కదా! ఎవరు ఎవరికి చెప్పారో గానీ, కోడిని పెంచినచోటల్లా చెయ్యి ఒకే తీరుగా పోయింది.

మన తెలుగోళ్లకు పుంజు చరిత్ర ఎక్కువ, పెట్ట చరిత్ర తక్కువ. పల్నాటి యుద్ధానికి కోడిపందెం ఎట్లా కారణమైందో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తరు. కుక్కుట శాస్త్రం చూసి ఏ రంగు పుంజు ఏ రోజు గెలుస్తదో లెక్కలు కట్టేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. పెట్ట మేత ఎందుకు మానేసిందో చెప్పే శాస్త్రం మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది, ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు ఎల్బీనగర్ సంగతికి వద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌కు దిల్‌సుఖ్ రామ్ అనే భూస్వామి పేరు వచ్చిందని చెప్తరు. ఆయన పొలాలే తర్వాత ప్లాట్లయినయట. పక్కన సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది, కుతుబ్‌షాహీల కాలంలో సాగునీటి కోసం కట్టింది. చెరువు ఉందంటే దాని కింద ఆయకట్టు ఉంటది, ఆయకట్టు ఉందంటే కల్లాలు ఉంటయి, కల్లం ఉన్నచోట కోడి ఉంటది. ఆ కోడికి ఎవరూ లెక్కగట్టి మేత పెట్టలేదు. రాలిన వడ్లు, జొన్నలు, పెంటకుప్పలో పురుగులు, గట్టు మీద లేత గడ్డి, చెరువు కట్ట కింద ఇసుకలో ఏరుకున్న చిన్న రాళ్లు. కందనకాయ నిండా తిరగలి రాళ్లే.

తర్వాత కథ మీకు తెలిసిందే. పొలాలు కాలనీలైనయి. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వచ్చింది, మన బత్తాయి, మామిడి బండ్లు ఏండ్లకేండ్లు అక్కడే దిగినయి. 2021లో దాన్ని మూసి బాటసింగారం పంపించారు. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2018 సెప్టెంబర్‌లో మెట్రో వచ్చింది. మట్టి అన్నది కనబడకుండా పోయింది. మనిషి దానికి అలవాటు పడ్డడు, కోడి మాత్రం పడలేదు. మిద్దె మీద దానికి దొరికేది ఏంది? సిమెంటు పెచ్చు, దారప్పోగు, తల వెంట్రుకలు, ప్లాస్టిక్ కవర్ ముక్క, రాత్రి మిగిలిన తెల్లన్నం, బ్రెడ్డు, పండగనాడు బిర్యానీ. గడ్డి కావాలని ఎవరో చెప్తే బజారు నుంచి పొడుగు పీచున్న కట్ట తెచ్చి అట్లనే పడేస్తరు. ఆ పీచు సంచిలో చుట్టుకొని ఉండ కడతది. కింద రాళ్లు లేని కందనకాయ దాన్ని నలగ్గొట్టలేదు. కింద పని ఆగితే పైన ట్రాఫిక్ ఆగినట్టు సంచి నిండిపోతది. ఎల్బీనగర్ చౌరస్తాలో సాయంత్రం నిలబడ్డోళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

తెల్లన్నం మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెప్పాలె. ఇప్పటి ఇండోనేసియా అప్పట్లో డచ్చివాళ్ల ఏలుబడిలో ఉండేది. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బుకు క్రిమి కారణమనుకొని వెతుకుతూ ఉన్నడు. 1890 ప్రాంతంలో ఆయన ప్రయోగశాల కోళ్లు కాళ్లు పడిపోయి, తూలి పడుడు మొదలుపెట్టినయి. తర్వాత ఏ మందూ వేయకుండానే బాగైనయి. ఆరా తీస్తే తెలిసింది, కోళ్లను చూసేటాయన ఖర్చు తగ్గించటానికి సైనిక ఆస్పత్రి వంటింట్లో మిగిలిన పాలిష్ బియ్యం అన్నం పెట్టిండు. కొత్త వంటాయన వచ్చి, సైన్యం బియ్యం సైన్యంలో లేని కోళ్లకు ఇచ్చేది లేదన్నడు. దాంతో మళ్లీ ముడి బియ్యం దొరికింది, కోళ్లు లేచి నిలబడ్డయి! బియ్యం మీద పొరలో, అంటే మన తవుడులో, ఏదో ఉందని అట్లా బయటపడింది. ఐక్‌మన్ మొదట గంజిలో విషం ఉందనుకున్నడు. లోపించినదే అసలు సంగతి అని 1901లో సరిగ్గా చెప్పింది ఆయన తర్వాత వచ్చిన గ్రైన్స్. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. దాన్నే మనం ఇప్పుడు విటమిన్ బి1 అంటున్నం.

ఇది ఎక్కడో జావా కథ అనుకోకండి. 1920లలో నీలగిరి కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు పావురాలకు బియ్యం పెట్టి ఇదే జబ్బు చదివాడు. మద్రాసు రాజధానిలో బెరిబెరి ఎక్కువగా కనబడ్డది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా తెలుగు జిల్లాల్లో. కారణం, అక్కడ పచ్చి వడ్లను మరపట్టించి తెల్లగా చేసుకొని తినేవారు. వడ్లు ఉడకబెట్టి దంచుకునే తమిళ ప్రాంతాల్లో ఆ బాధ తక్కువ, ఎందుకంటే ఉడికేటప్పుడు పొరలో సత్తువ గింజ లోపలికి పోతది. మర వచ్చి అన్నం తెల్లబడ్డది, కాళ్లు పడిపోయినయి. కోడి మెడ సంచిని కదిలించేది కూడా కండరాలూ నరాలే అని గుర్తు పెట్టుకోండి. మిద్దె మీది కోడికి మూడు పూటలా తెల్లన్నమే వేసి, మీ ఊరి మిల్లులో తవుడు బస్తాలకొద్దీ అమ్మేసుకుంటున్నరు.

నరాలంటే ఇంకొకటుంది, మారెక్స్ జబ్బు. హంగరీలో యోజెఫ్ మారెక్ 1907లో దాని సంగతి రాశాడు. అది మెడ నరాన్ని పట్టుకుంటే సంచి సడలి వేలాడుతది. దానికి పిండుడూ లేదు, నూనే లేదు. పిల్ల పుట్టిన రోజే హేచరీలో టీకా పడాలె. అంతే, దాన్ని వదిలేద్దాం.

అసలు భయపడాల్సింది కొక్కెర తెగులుకు. ఊళ్లో దీని పేరు తెలియని ఇల్లు లేదు. ఆకుపచ్చ, తెల్ల పారుడు, నోరు తెరిచి గురక, మెడ తిరిగిపోవుడు, పొద్దున గంప ఎత్తితే సగం కోళ్లు చచ్చి ఉండుడు. దీనికి మెడ సంచితో ఏం సంబంధమంటే, కొక్కెర తగిలిన కోడి సంచిలో పుల్లటి నీళ్లు నిండుతయి. కాళ్లు పట్టి ఎత్తితే నోట్లోంచి కారుతయి. ఇంటోళ్లు చూసి "మేత అరగలేదు" అనుకుంటరు. పక్కింటి కోడిని కూడా అదే చేత్తో పట్టుకుంటరు.

ఈ తెగులు పుస్తకాలకు ఎక్కింది 1926లో, జావాలో, ఇంగ్లండులో న్యూకాసిల్‌లో. 1927లో మన దేశంలో హిమాలయాల కింద కుమావూన్ కొండల్లోని రాణిఖేత్‌లో కనబడ్డది, అందుకే మనం రాణిఖేత్ జబ్బు అంటున్నం. అదే కుమావూన్‌లో ముక్తేశ్వర్ అని ఇంకో కొండ ఊరు, అక్కడ పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే పశువుల జబ్బుల ప్రయోగశాల ఉంది. 1940లలో తయారైన టీకా విత్తనానికి ముక్తేశ్వర్ పేరే పెట్టారు. మన పశువుల ఆస్పత్రిలో ఆర్‌టూబీ అని రెక్క కింద పొడిచేది అదే. జబ్బు పేరు ఒక కొండది, దాని విరుగుడు పేరు పక్క కొండది. పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో చుక్క టీకా, 6 నుంచి 8 వారాలకు రెక్క కింద ఆర్‌టూబీ. హైదరాబాద్ శాంతినగర్‌లో ప్రభుత్వ టీకాల సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో 1946లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది, 1988 నుంచి కోళ్ల పరిశోధన కేంద్రం ఉంది, మన పెరట్లో తిరిగే వనరాజా, గ్రామప్రియ అక్కడివే. ఇన్ని చేతికందే దూరంలో పెట్టుకొని, ఎండాకాలం ముందు ఒక్క టీకా వేయించక మంద మొత్తం పోగొట్టుకునుడు నాకు మింగుడు పడదు. రెండు కోళ్లే కదా అని మిద్దె మీదోళ్లు అసలే వేయించరు. వాళ్లు పండక్కి ఊరొచ్చినప్పుడు కోడిని కూడా అట్టపెట్టెలో పెట్టుకొని వస్తరు, మన గంపల పక్కనే వదులుతరు. వాళ్ల కోడి మన మందకు మధ్య గోడ ఏమీ లేదు.

ఇక గోలీ సంగతి. ఇక్కడ మన తెలుగాయన కథ ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా పోయి, లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు పెద్ద అయ్యారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డుగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీలో ఒక వ్యవసాయ కళాశాల గడ్డి మడిలోని మట్టి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1948 జులైలో లోకానికి చెప్పారు, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. తర్వాత అదే కంపెనీలో స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు, మందు తీసేశాక మిగిలిన పిప్పిని విటమిన్ కోసమని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు అనుకున్నదానికన్నా ఎక్కువ పెరిగినయి. పిప్పిలో మిగిలిన మందు చుక్కే కారణం. 1950 నుంచి ప్రపంచమంతా కోళ్ల దాణాలో యాంటిబయాటిక్ కలుపుడు మొదలైంది. సుబ్బారావు గారు బతికుంటే ఏమనేవారో. మనుషుల ప్రాణం నిలబెట్టటానికి తీసిన మందు కోడి బరువుకు మేత అయింది. చివరికి మన దేశంలో 2019 జులైలో కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు, చేపలకు వాడొద్దని కేంద్రం నిషేధించింది. ఆస్పత్రిలో మనిషికి ఆఖరి ఆసరాగా దాచుకునే మందు అది.

దీనికీ మెడ సంచికీ లింకు ఉంది. సంచిలో మంచి క్రిములు ఉంటయి, బూజు జాతి ఈస్టు కూడా కొంచెం ఉంటది. యాంటిబయాటిక్ మంచి క్రిముల్ని చంపితే ఈస్టుకు ఎదురు ఉండదు. తీపి, బ్రెడ్డు పడితే ఇంకా పులుస్తది. సంచి మెత్తగా నీళ్ల తిత్తి లెక్క అయితది, నోరు కల్లు వాసన కొడతది. దాన్ని చూసి మళ్లీ ఇంకో యాంటిబయాటిక్ నూరి పోస్తరు! ఈస్టుకు పనిచేసేది వేరే మందు, నిస్టాటిన్. 1950లో న్యూయార్క్ రాష్ట్ర ప్రయోగశాలలో పనిచేసే ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు ఆడవాళ్లు బయటపెట్టారు. ఆ మట్టి కూడా వర్జీనియాలో ఒక పాడి రైతు పొలంలోది. న్యూయార్క్ రాష్ట్రం పేరు మీదే మందుకు పేరు. ఎంత మోతాదో డాక్టరే చెప్పాలె, నేను చెప్పను.

కోత గురించి అడుగుతున్నరు కదా. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు కోళ్ల పుస్తకాల్లోనే ఈ కోత ఉంది. మన ఊళ్లలో బ్లేడు, సూది, దారంతో చేసేటోళ్లూ ఉన్నరు, కొన్ని కోళ్లు బతికినయి కూడా. అయితే మనోళ్లు తోలునూ సంచినీ కలిపి ఒకే కుట్టు వేస్తరు. అవి రెండు వేరు వేరు పొరలు, వేరు వేరుగా కుట్టాలె. లేకపోతే లోపల మేత కారి చీము పడుతది. మత్తు లేకుండా కోసుడు పాపం కూడా. ఎల్బీనగర్‌లో ఉన్నోళ్లకు నారాయణగూడ పశువుల ఆస్పత్రి మెట్రోలో పోయేంత దూరం కాదా అంటే, కోడిని మెట్రో ఎక్కనియ్యరు, ఆటో మాట్లాడుకోండి.

సరే, చెయ్యి ఏం చెయ్యాలె? రాత్రి కోడిని విడిగా పెట్టి మేత తీసెయ్యండి, నీళ్లు ఉంచండి. పొద్దున సంచి తడమండి. ఖాళీ అయితే ఏం లేదు, రాత్రి ఎక్కువ తిన్నదంతే. గట్టిగా పిండిముద్ద లెక్క ఉంటే, ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా రెండు మూడు మిల్లీలీటర్ల కొబ్బరినూనె వేసి, కింది నుంచి పైకి కాకుండా మెల్లగా చుట్టూ నిమరండి. రోజంతా గట్టి మేత పెట్టొద్దు. మర్నాటికీ అట్లనే ఉంటే డాక్టరు. మెత్తగా ఉండి పుల్లటి వాసన వస్తే నూనె కూడా వద్దు, డాక్టరే. తలకిందులు మాత్రం చెయ్యకండి, కోడికి నాలుక వెనకే గాలి రంధ్రం ఉంటది, కక్కిన నీళ్లు అందులోకి పోతే నిమిషంలో పోతది. పారుడు, గురక, మెడ వంకర ఏది కనబడ్డా, లేకపోతే ఒకేసారి రెండు మూడు కోళ్లు మేత మానేసినా అది సంచి సంగతి కాదు. చేతులు సబ్బుతో కడుక్కొని, ఆ కోళ్లను ఎక్కడికీ తీసుకుపోకుండా పశువైద్యుడికి ఫోన్ చెయ్యండి.

మీ పిల్లలు ఎల్బీనగర్‌లో ఉంటే, ఈసారి సాగర్ బస్సు ఎక్కేటప్పుడు బియ్యం సంచి పక్కన ఇంకో చిన్న సంచి కట్టండి. అందులో వాగు దగ్గర జల్లెడ పట్టిన ముతక ఇసుక, జొన్నగింజ అంత రాళ్లు ఒక రెండు కిలోలు. కొత్త తవుడు ఒక కిలో, ఎక్కువ వద్దు, ముక్కిపోతది. ఇసుకను గిన్నెలో మేతలో కలపకుండా పక్కన పెట్టమనండి, ఎంత కావాలో కోడే ఏరుకుంటది. గడ్డి వేస్తే కత్తెరతో వేలి గోరంత ముక్కలు చేసి వెయ్యమనండి.